గుండీల డబ్బాలో నల్ల ముక్క

ముందుగా ఒక మాట. నాకు అక్షరాలు వచ్చి మూడేళ్లే అయింది. ఒత్తులు మరిచిపోతాను, దీర్ఘాలు అక్కర్లేని చోట పెడతాను. ఒక పేజీ నిండేసరికి రెండు సాయంత్రాలు గడిచిపోతాయి. తప్పులు కనబడితే మనసులోనే దిద్దుకోండి, నన్ను పిలిచి చెప్పకండి. ఈ వయసులో చెవి మెలేయించుకునే ఓపిక నాకు లేదు. మా సాయంత్రం బడి పంతులమ్మ, మీ ఇంటిని మార్చేసిన ఒక కాలం గురించి రాయమంది. పక్క బెంచీ ఆవిడ తన పెళ్లి గురించి రాస్తోంది. నేను మా ఆడపడుచు నా ఇంటికొచ్చి కూర్చున్న వానాకాలం గురించి రాస్తున్నాను.

ఆ ఏడు తొలి వాన పడకముందే రోడ్డు పనివాళ్లు వచ్చి మా గోడ మీద ఎర్ర గీత గీసి వెళ్లారు. గీత కారు షెడ్డును మొత్తం మింగి, ముందు గది సగం దాకా వచ్చి ఆగింది. వానలు తగ్గగానే కూలగొడతామన్నారు. షెడ్డులో మా ఆయన కారు ఉంది. ఆయన పోయి అప్పటికి తొమ్మిదేళ్లు. ఆ తొమ్మిదేళ్లూ అది నిలబెట్టిన చోటే నిలబడి, నాలుగు టైర్లూ నేలకంటుకుపోయి, చతికిలబడ్డ గేదెలా ఉండేది. నా పాత చీరలు రెండు కలిపి కుట్టి దాని మీద కప్పాను.

వీధిలో దాన్ని నా సవతి అనేవాళ్లు. ఎదురుగా ఇస్త్రీ బండి పెట్టుకున్నాయనకైతే పొద్దున్నే పలకరింపే అది.

"ఏమ్మా, సవతి లేచిందా?"

"లేవలేదయ్యా. నీ ఇస్త్రీపెట్టె తెచ్చి ఒక వాత పెట్టు, లేస్తుందేమో."

ఇద్దరం నవ్వుకునేవాళ్లం. కానీ ఆ మాట ఊరికే పుట్టలేదు. మా ఆయన నీళ్ల పంపుల దగ్గర పనిచేసేవాడు. సెలవొస్తే పొద్దున్నుంచి పొద్దుపోయేదాకా షెడ్డులోనే. ఆయనతో పాటు ఆయన చెల్లెలు. ఆమె బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషన్లు బాగుచేసేది. స్పానరమ్మ అని అక్కడ పెట్టిన పేరు ఇంటిదాకా వచ్చి నిలిచిపోయింది. పెళ్లి చేసుకోలేదు. అన్నాచెల్లెళ్లు బానెట్ కింద తలలు దూర్చి ఏవేవో చెప్పుకుని నవ్వుకునేవాళ్లు. నేను టీ తీసుకెళితే మా ఆయన తలెత్తకుండానే "అక్కడ పెట్టు" అనేవాడు. ఇరవై ఏళ్లు నేను వాళ్ల వీపులకు టీ ఇచ్చాను.

మా అమ్మాయి ఆసుపత్రిలో నర్సు. ముప్పై దాటింది, అప్పుడు నాతోనే ఉండేది. గోడ మీద గీత చూసి, "అమ్మా, తుక్కువాడికిచ్చేద్దాం. ఎలాగూ షెడ్డే ఉండదు" అంది.

"ఇచ్చెయ్" అన్నాను. నోట్లోంచి అంత తేలిగ్గా ఎలా వచ్చిందో నాకే తెలియలేదు.

అది అక్కడితో ఊరుకోక మేనత్తకు ఫోన్ చేసి చెప్పింది. మూడో రోజు పొద్దున్నే గేటు ముందు ఆటో ఆగింది. ఒక చేతిలో బట్టల సంచి, ఒక చేతిలో పనిముట్ల సంచి. రెండో సంచే బరువుగా ఉంది.

"వదినా! బాగున్నావా?"

"ఇప్పటిదాకా బాగానే ఉన్నాను."

"అన్నయ్య బండిని తుక్కులో వేస్తారట. నీకు మనసెలా ఒప్పింది?"

"నాకే చోటు లేకుండా గోడ కొట్టేస్తున్నారు. దాన్నేం చెయ్యను, నెత్తిన పెట్టుకోనా?"

"నా పెరట్లో రేకుల షెడ్డు ఖాళీగానే ఉంది. వానలు తగ్గేలోపు నడిపిస్తాను. నడిస్తే నాతో తీసుకుపోతాను. నడవకపోతే తుక్కువాణ్ణి నేనే పిలుస్తాను. సరేనా?"

"అంత కష్టమెందుకు? తాడు కట్టి లాక్కుపో."

"అన్నయ్య బండి తాడు కట్టించుకుని నా గుమ్మంలోకి రాదు. నడిచొస్తే వస్తుంది, లేకపోతే లేదు."

"సరే అత్తా" అంది మా అమ్మాయి. ఆమె అడిగింది నన్ను. ఒప్పుకున్నది నా కూతురు.

ఆ పూటే నా చీరలు తీసి పక్కన పడేశారు. బానెట్ ఎత్తితే లోపల ఎలుకలు కాపురం పెట్టి ఉన్నాయి. సీటు దూది, పేపరు ముక్కలు, మా ఆయన మేజోడు ఒకటి. ఆ మేజోడు కోసం ఒకప్పుడు ఇల్లంతా వెతికించాడు నా చేత. మా ఆడపడుచు అది తీసి చూసి, "అన్నయ్యదే" అని తన నడుముకు దోపుకుంది. ఎవరి మేజోడు, ఎవరి నడుముకు!

తరువాత పక్కనున్న ఒక చిన్న గుండ్రటి డబ్బా మూత తీసింది. దాంట్లోంచే నాలుగు ప్లగ్గులకూ కరెంటు వెళుతుందట. తీసి, "అయ్యో" అంది.

"ఏంటత్తా?"

"రోటర్ లేదే. లోపల తిరిగే ముక్క. అది లేకపోతే ఇంజను దగ్గర కూర్చుని ఏడ్చినా స్టార్టవదు." నా వైపు తిరిగింది. "వదినా, అన్నయ్య దొంగల భయంతో ఊడదీసి పెట్టేవాడుగా. ఎక్కడ పెట్టేవాడో తెలుసా?"

తెలుసు. నాకు కాక ఎవరికి తెలుసు? ఆయన బండి లోపల పెట్టి, మూత తీసి, ఆ నల్ల ముక్కను ఊడదీసి, బనీను అంచుతో తుడిచి వంటగదిలోకి తెచ్చేవాడు. బొటనవేలంత ఉండేది, నెత్తిన ఇత్తడి రేకు. "ఇదిగో తాళం" అని నా చేతిలో పెట్టేవాడు. నేను గుడ్డలో చుట్టి నా గుండీల డబ్బాలో వేసేదాన్ని. పొద్దున టీ తాగుతూ చెయ్యి చాచేవాడు, నేను పెట్టేదాన్ని. మా కాపురంలో పోట్లాట లేకుండా రోజూ జరిగిన పని అదొక్కటే. ఒక సాయంత్రం అలాగే నా చేతిలో పెట్టి, ఆయాసంగా ఉందని పడుకున్నాడు. మర్నాడు చెయ్యి చాచలేదు.

"నాకేం తెలుసు?" అన్నాను. "చదువురానిదాన్ని. మీ ముక్కలూ చెక్కలూ నాకేం తెలుస్తాయి?"

ఆమె నన్ను ఒక్క క్షణం చూసింది. "పోనీలే. ఇంకోటి దొరకదా" అంది.

దొరకలేదు. ఆ కారు తయారుచేసిన కంపెనీయే మూతబడి చాలా కాలమైంది. ముసురు పట్టినా ఆమె గొడుగేసుకుని పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగింది. ఒకటి తెచ్చింది, ఎత్తు ఎక్కువై మూత పట్టలేదు. ఇంకొకటి వదులు. తిరిగొచ్చి తడిసిన చెప్పులు గుమ్మంలో విప్పుతుంటే, వంటగదిలో గుండీల డబ్బా నా వైపే చూస్తున్నట్టుండేది. డబ్బా తీసి అటక మీదికెక్కించాను. ఎక్కించాక మెడ నొప్పి పుట్టేటట్టు అటకనే చూస్తూ కూర్చునేదాన్ని.

మిగతా పని మాత్రం ఆగలేదు. మా అమ్మాయి డ్యూటీ దిగి, అన్నం తిని, మంచమెక్కాల్సిన పిల్ల, ఆసుపత్రి గ్లవుజులు తొడుక్కుని షెడ్డులోకి వెళ్లేది. ఊడదీసిన ప్రతి సామానూ ఒక డబ్బాలో వేసి, డబ్బా మీద కాగితం అంటించి పేరు రాసేది మా ఆడపడుచు. పాలడబ్బాలు, మందుల డబ్బాలు, నా చక్కెర డబ్బా కూడా పోయింది. గోడవారగా ఇరవై దాకా అయ్యాయి.

ఒక రోజు నేను టీ ఇవ్వడానికి వెళ్లాను.

"అమ్మా, ఆ 'కుడి బ్రేకు' డబ్బా ఇలా అందించు" అంది మా అమ్మాయి కారు కిందనుంచి. కాళ్లు తప్ప ఏమీ కనబడటం లేదు.

నేను ఒక డబ్బా ఇచ్చాను.

"ఇది ఎడమది."

"పోనీలేవే" అంది మా ఆడపడుచు. "మీ అమ్మకు అక్షరాలు రావుగా."

ఆమె అది ఎత్తిపొడుపుగా అనలేదు. అన్నా బాగుండేది, తిరిగి అనేదాన్ని. జాలిగా అంది. నేను గ్లాసులు అక్కడ పెట్టి వచ్చేశాను. వెనక ఏదో చెప్పుకుని నవ్వుకున్నారిద్దరూ. మా అమ్మాయిది అచ్చం వాళ్ల నాన్న నవ్వు. ఆ నవ్వు నా దగ్గర ఎప్పుడూ నవ్వలేదు అది. నా దగ్గర "మందులు వేసుకున్నావా, తలుపేసుకున్నావా" అంతే.

ఇంజను తిరక్కుండా పట్టేసిందేమోనని ప్లగ్గుల కన్నాల్లో నూనె పోసి పది రోజులు నానబెట్టారు. పదకొండో రోజు ముందు వైపు కడ్డీ దూర్చి ఇద్దరూ కలిసి తిప్పారు. నేను పెరట్లో దుప్పటి ఉతుకుతున్నాను.

"కదిలింది! అత్తా, కదిలింది!"

"అరవకే, సగమే. ఇంకొంచెం... ఆఁ! పట్టేయలేదు! అన్నయ్య ఇంజను పట్టేయలేదు!"

ఆ దుప్పటిని నేను ఎంత గట్టిగా పిండానంటే ఒక మూల చిరిగింది.

భోజనాల దగ్గర కూడా అవే కబుర్లు. ట్యాంకులో పెట్రోలు బంకలా ఎలా గడ్డకట్టిందో, కార్బొరేటర్ ఎన్నిసార్లు కడిగారో. మా అమ్మాయి ఒక ముద్ద కలిపి గాల్లోనే పెట్టుకుని వింటూ ఉండేది.

"తినవే, చల్లారుతోంది" అన్నాను.

"ఉండమ్మా. అత్తా, నాన్నకు కోపం వచ్చేదా పని చేసేటప్పుడు?"

"కోపమా? పాటలు పాడేవాడు. గాడిద గొంతు."

పాటలు! నాతో ముప్పై ఏళ్లు కాపురం చేసిన మనిషి. ఏనాడూ నా ముందు కూని రాగం తీసిన పాపాన పోలేదు.

"నాకు తెలుసులే" అన్నాను. అది నేను చెప్పిన రెండో అబద్ధం.

వానలు చివరికొచ్చాయి. రోటర్ దొరక్క మా ఆడపడుచు ఫ్యాక్టరీలో పాత స్నేహితుడైన లేత్ పనివాడి దగ్గర కూర్చుని, గట్టి నల్ల ప్లాస్టిక్‌తో ఒకటి చెక్కించి తెచ్చింది. కొత్త బ్యాటరీ, పాత సామాన్లలో దొరికిన నాలుగు టైర్లూ బిగించారు. మా అమ్మాయి సీట్లో కూర్చుని తాళం తిప్పింది. నేను వంటగది కిటికీలోంచి చూస్తున్నాను. ఆ కిటికీకి ఎదురుగానే షెడ్డు తలుపు.

కారు దగ్గింది. రెండుసార్లు. తొమ్మిదేళ్ల తరువాత ఆ గొంతు విన్నాను. ఆయన వీధి మలుపు తిరుగుతున్నాడన్నట్టు నా చెయ్యి దానంతటదే టీ గిన్నె మీదికి పోయింది.

మా అమ్మాయి కారులోంచి దూకి మేనత్తను కావలించుకుంది. తల్లి పది అడుగుల దూరంలో కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడి ఉంది. మళ్లీ ఎక్కి తాళం తిప్పితే కారు మూడోసారి దగ్గి, టప్‌మని ఏదో విరిగిన చప్పుడు చేసి ఆగిపోయింది. మూత తీసి చూస్తే చెక్కించిన ముక్క రెండుగా పగిలి ఉందట.

నా కడుపు చల్లబడింది. దాచడమెందుకు, రాస్తున్నాను కాబట్టి రాస్తున్నాను, నిజంగానే చల్లబడింది. కాసేపటికి మా ఆడపడుచు చెయ్యి కడుక్కోవడానికి వచ్చింది. పగిలిన ముక్క గుప్పిట్లోనే ఉంది. ఆమె ముఖం చూశాక అన్నం సయించలేదు నాకు.

శనివారం తుక్కువాడు వచ్చాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, కాలితో టైరు తన్ని, బానెట్ మీద సుద్దముక్కతో పెద్ద అడ్డగీత గీశాడు. "సోమవారం పొద్దున లారీ తెస్తానమ్మా. డోర్లు ఇక్కడే ఊడదీస్తాం, లారీకి గేటు పట్టదు" అన్నాడు.

మా ఆడపడుచు "అలాగే" అంది. మాట మీద నిలబడే మనిషి.

మధ్యాహ్నం మా అమ్మాయి డ్యూటీకి వెళ్లింది. మా ఆడపడుచు బోర్లించిన బకెట్ మీద కూర్చుని స్పానర్లు తుడిచి ఒక్కొక్కటే సంచిలో పెడుతోంది. నేను టీ తీసుకెళ్లాను. ఈసారి వీపు కాదు, ముఖమే ఇటు తిరిగి ఉంది.

"కూర్చో వదినా."

కారు మెట్టు మీద కూర్చున్నాను.

"అన్నయ్య నాకు అన్నీ నేర్పాడు" అంది. "ఈ ఇంజను కళ్లు మూసుకుని విప్పి బిగిస్తాను. కానీ చివర్లో ఒక్క పని నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు. మూత తానే తీసేవాడు. ఆ ముక్క తానే ఊడదీసి, 'ఇక నువ్వెళ్లు, ఇది ఇంట్లో ఇవ్వాలి' అనేవాడు. ఏ రోజూ ఒక్క మాట మార్చలేదు."

నేను టీ గ్లాసు ఆమె వైపు జరిపాను.

"నేను గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగి చూసేదాన్ని. కిటికీలో నువ్వు చెయ్యి చాచేదానివి. రోజంతా నాతో ఉన్న మనిషి, నన్ను మరిచిపోయి లోపలికి వెళ్లిపోయేవాడు." ఒక స్పానర్ మీద లేని మరకను తుడిచింది. "ఒళ్లు మండిపోయేది వదినా. దారి పొడుగునా నిన్ను తిట్టుకుంటూ పోయేదాన్ని. ఏం తిట్టేదాన్నో చెప్పనులే, టీ ఇచ్చావు."

ముక్క ఎక్కడుందని అడగలేదు. నా వైపు చూడలేదు కూడా.

"తాగు, చల్లారిపోతోంది" అన్నాను.

ఆమె టీ తాగి, స్నానానికి వెళ్లింది. నేను స్టూలు వేసుకుని అటక మీద చెయ్యి పెట్టాను. డబ్బా తీసి, గుండీల మధ్యనుంచి గుడ్డ మూట విప్పాను. ఇత్తడి రేకు నల్లబడి ఉంది. చీర కొంగుతో తుడిచాను, కొంచెం మెరిసింది. షెడ్డులోకి వెళ్లి బానెట్ ఎత్తి పట్టుకుంటే ఎంత బరువు! ఆ గుండ్రటి డబ్బా మూతకు రెండు వైపులా రెండు తీగ క్లిప్పులు. నేను ఎన్నడూ ముట్టుకున్నదాన్ని కాదు. కానీ బొటనవేలితో ముందు ఎడమది, తరువాత కుడిది. అలాగే తీసేవాడు. ముక్క లోపల ఒక చిన్న పలుకు ఉంటుంది, కడ్డీకి ఒక గాడి ఉంటుంది. గాడి దొరికేదాకా తిప్పి నొక్కాలి. నొక్కాను. దిగింది. చెయ్యి వెంటనే తియ్యలేకపోయాను.

ఆదివారం పొద్దున ఇద్దరూ వెళ్లి కారును ఊరికే చూస్తూ నిలబడ్డారు. "ఇంకొక్కసారి చూడరాదూ" అన్నాను గుమ్మంలోంచి.

"దేంతో చూడమంటావమ్మా?" అంది మా అమ్మాయి చిరాగ్గా.

మా ఆడపడుచు వెళ్లి మూత తీసింది. చాలాసేపు లోపలికే చూసింది. మళ్లీ మూత పెట్టి క్లిప్పులు నొక్కింది.

"గాడి కలిసేటట్టు పెట్టావే" అంది. "ఎవరు నేర్పారు?"

"కిటికీ" అన్నాను.

"ఏంటి? ఏమైంది? దొరికిందా? ఎక్కడ దొరికింది అత్తా?"

"ఇంట్లోదే. ఇంట్లో వస్తువు ఇంట్లో కాక ఎక్కడుంటుందే? ఎక్కి తాళం తిప్పు."

మొదట దగ్గింది. తరువాత ఆగింది. మా ఆడపడుచు కార్బొరేటర్ మీద అరచెయ్యి పెట్టి "మళ్లీ" అంది. మూడోసారికి అంటుకుంది. వెనక గొట్టంలోంచి నల్లటి పొగ, పొగతో పాటు ఎలుకలు దాచుకున్న గింజలు టపటపా గేటు మీద పడ్డాయి. ఇస్త్రీ ఆయన పెట్టె వదిలేసి పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా! సవతి లేచిందమ్మా!"

"లేచింది. నీ చొక్కా కాలుతోంది చూసుకో" అన్నాను. ఆయన చొక్కా కాదు, ఎవరిదో పాపం, నిజంగానే కాలింది.

వీధి చివరిదాకా వెళ్లి వచ్చాం. మా ఆడపడుచు నడిపింది, పక్కన మా అమ్మాయి. నేను వెనక సీట్లో, దూదిలేని చోట చాప మడిచి వేసుకుని కూర్చున్నాను. ముందు ఇద్దరూ ఏదో చెప్పుకుని నవ్వుకున్నారు. నాకు మళ్లీ మండింది. మంట అంత తొందరగా చల్లారేదైతే తొమ్మిదేళ్లు ఎందుకు ఉంటుంది?

ఇంటి ముందు ఆపి, ఆమె దిగి బానెట్ ఎత్తింది. ముందు ఎడమ క్లిప్పు, తరువాత కుడిది. ముక్క ఊడదీసి జాకెట్టు అంచుకు తుడిచి, వెనక తలుపు తీసి నా చేతిలో పెట్టింది.

"ఇదిగో వదినా, తాళం."

ఇంకా వెచ్చగా ఉంది.

సోమవారం లారీ ఖాళీగా వెనక్కి వెళ్లింది. ఆ వారమే మా అమ్మాయి ఆసుపత్రి క్వార్టర్సుకు మారింది. కారు తన కాళ్ల మీద నడిచి ఆడపడుచు ఇంటికి చేరింది, దాంతో పాటు నేనూ. సగం గదిలో ఎలా ఉంటావని ఆమే రమ్మంది. రమ్మనకపోయినా వెళ్లేదాన్ని. ఆ బండిని ఆమె ఒక్కదాని దగ్గర ఎలా వదులుతాను? చిన్నా పెద్దా అన్ని డబ్బాలూ కాగితాలతో సహా వచ్చాయి. నేను మొట్టమొదట చదివిన మాట 'కుడి'. రెండోది 'ఎడమ'. మూడోది 'బ్రేకు', దానికి నాకు వారం పట్టింది.

ఇప్పటికీ రోజూ సాయంత్రం ముక్క నా చేతికే వస్తుంది. పొద్దున ఆమె టీ తాగుతూ చెయ్యి చాస్తుంది. ఒక్కోరోజు కావాలనే కాసేపు వెతుకుతున్నట్టు నటిస్తాను.

పేరు: ఈ వీధిలో అందరూ స్పానరమ్మ వదిన అంటారు, నాకు నచ్చదు. వయసు: అరవై అయిదు. ఉండేది: ఆడపడుచు ఇంట్లో, పెరటి వైపు గదిలో. కిటికీ తెరిస్తే షెడ్డు కనిపిస్తుంది.